కుదుపులు వినే అర

తెల్లారగానే కోడలు మందుల సంచి భుజాన వేసుకుని, బెల్లం మీదెక్కి కొండవైపు వెళ్ళిపోయేది. బెల్లం అంటే ఆ ఇంటి ఆడగుర్రం. రంగును బట్టి వచ్చిన పేరు. కోడలు నర్సు. బండ్లు పోలేని చోట్లన్నీ ఆమె వంతు. గుర్రం సందు మలుపు తిరగడం ఆలస్యం, ఇక్కడ వంటింటి అరలో పింగాణీ కప్పులు మోగడం మొదలు. బెల్లం వీపుకు తగిలే ప్రతి కుదుపూ ఆ కప్పులకు తగిలేది. కంకర దారిలో గలగలమనేవి, మెట్ట ఎక్కేటప్పుడు సన్నగా గొణిగేవి, వాగు దగ్గర ఒక్కసారి ఎగిరిపడేవి.

అందుకే అత్త ఆ కప్పుల్లో ఇంతవరకూ ఎవరికీ టీ పోసిన పాపాన పోలేదు. ఎంతటి చుట్టాలొచ్చినా స్టీలు గ్లాసులే. కప్పుల పని వేరు.

"పెద్దమ్మా, నర్సమ్మ ఎక్కడిదాకా వచ్చింది? మా ఆవిడకి నొప్పులు మొదలయ్యాయి," అంటూ ఎవరో ఒకరు పరిగెత్తుకొచ్చేవారు. అత్త కత్తిపీట మీంచి లేవకుండానే చెవి ఒగ్గి, "కంకర దారి ఎక్కింది. పోయి నీళ్ళు కాచుకో," అనేది. కొడుకు లారీ డ్రైవరు, నెలలో సగం రోజులు ఇంట్లో ఉండడు. "కన్నకొడుకు జాడ చెప్పదు గానీ కోడలు ఏ రాయి తొక్కిందో కూడా చెబుతుంది, మాయదారి అర!" అని విసుక్కునేది. ఆ విసుగు పైపైనే. సాయంత్రం గుర్రం కొట్టంలోకి వచ్చి కప్పులు ఊరుకున్నాకే ఆవిడ గొంతులోకి ముద్ద దిగేది.

అంత విన్నా ఒకసారి పొరబడింది. పోయినేడు వానల్లో కోడలు వాగు దగ్గర జారిపడి, మోకాలు బెణికి, పాలవాడు చూసేదాకా బురదలోనే కూర్చుంది. కప్పులు ఎగిరిపడ్డాయి, నిజమే. కానీ వాగు దగ్గర అవి రోజూ ఎగిరిపడేవే. "దాటేసింది," అనుకుని అత్త వంకాయలు తరుక్కుంటూ ఉండిపోయింది.

ఈ ఏడు బెల్లానికి వీపు నొప్పి పట్టుకుంది. జీను తీస్తే చాలు, మూపు దగ్గర చర్మం జలదరించేది. పశువుల డాక్టరు వేళ్ళతో నొక్కి చూసి, "కుదుపులు తట్టుకునే మంచి ప్యాడు జీను కింద వెయ్యండి. లేదంటే దీన్ని ఎక్కడం మానేయండి," అని తేల్చేశాడు.

కోడలు గుర్రాన్ని నడిపించుకుంటూ జీనుల కొట్టుకు బయల్దేరింది. అత్త కూడా చెప్పులేసుకుంది.

"మీరెందుకత్తయ్యా, ఈ ఎండలో?"

"నీకు బేరమాడటం చేతకాదు," అంది అత్త. అసలు సంగతి వేరు. ప్యాడు కుదుపుల్ని మింగేస్తే కప్పులు మోగవు. కప్పులు మోగకపోతే కోడలు ఏమైందో తనకెలా తెలుస్తుంది?

కొట్టంతా తోలు వాసన, నూనె వాసన. కొట్టాయన మాటకారి. తన కళ్ళజోడు తీసి ఒక ప్యాడు కింద పెట్టి, పైన పిడికిలితో దబీమని గుద్దాడు. "చూశారా అమ్మగారూ? అద్దం చెక్కు చెదర్లేదు!"

"అంత మెత్తన దేనికి నాయనా? నేల మీద నడుస్తోందో మబ్బు మీద నడుస్తోందో గుర్రానికి తెలియొద్దూ?" అని అత్త మూలనున్న పల్చటి నూలు ప్యాడు అందుకుంది. "ఇది చాలదూ?"

కోడలు ఆవిడ మొహంలోకి చూసింది. "కప్పులు వినబడవనే కదా మీ బెంగ?" అంది మెల్లగా. "సరే, మీరు ఏది ఎంచితే అదే."

కొట్టాయన ఒక్కొక్కటీ గుర్రం మీద వేసి జీను బిగించాడు. నూలుదానికి బెల్లం చెవులు వెనక్కి పెట్టి పక్కకు జరిగింది. లావుపాటి స్పాంజిదైతే జీను అటూ ఇటూ ఊగింది. "మరీ మందమైతే ఇదే తంటా," అని ఆయనే తీసేశాడు. చివరికి ఉన్నిని దట్టంగా అదిమి చేసిన ప్యాడు తెచ్చాడు. వెన్నెముకకు రెండు పక్కలా ఒత్తుగా ఉంది, నడుమ వెన్నుకు ఏదీ తగలకుండా ఖాళీ వదిలారు. దాని మీద జీను పడగానే బెల్లం కదలకుండా నిలబడింది. మెల్లగా తల దించి, పెదాలు చప్పరించి, పెద్ద ఊపిరి వదిలింది.

ఆ ఊపిరి అత్త చేతి మీద వెచ్చగా తగిలింది. ఎన్ని వానల్లో, ఎన్ని రాళ్ళ మీదుగా ఇది తన కోడల్ని ఇంటికి చేర్చింది! తన చెవుల కోసం దీని వీపు పుండు చెయ్యడమా? ఆవిడకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఇదే ఇవ్వు నాయనా," అంది. బేరమాడటం మర్చిపోయింది.

మర్నాటి నుంచి వంటిల్లు మూగబోయింది. మొదట్లో అత్త అర ముందు పీట వేసుకుని కూర్చునేది. కోడలు మాత్రం రోజూ సాయంత్రానికి నవ్వుతూ దిగేది, బెల్లం దాణా తొట్టి అడుగుదాకా నాకేసేది. పోనుపోను అత్తకి మధ్యాహ్నం పూట కునుకు పట్టసాగింది.

అలా ఒక వానాకాలపు మధ్యాహ్నం కునికిపాట్లు పడుతుండగా, అరలో ఒక్క కప్పు 'ఠంగు'మంది. ఒకే ఒక్కటి. అంచు దాకా జరిగి ఆగిపోయింది.

అంత మందపు ఉన్నిని దాటి వచ్చిన కుదుపంటే, ఈ వానలో అది వాగే అనుకుని అత్త క్షణం ఆగలేదు. పక్కింటి వడ్రంగి గుమ్మంలోకి దూసుకెళ్ళి, "తాడు తీసుకో! వాగు దగ్గరికి!" అని అరిచింది. అతను ఎందుకని అడగలేదు. ఇద్దరు కుర్రాళ్ళను వెంటేసుకుని వానలోనే పరిగెత్తాడు.

వాగు గట్టు విరిగిపడి ఉంది. కోడలి కాలు కొట్టుకొచ్చిన దుంగ కింద ఇరుక్కుంది. నీళ్ళు ఛాతీ దాకా వచ్చేశాయి. బెల్లం ప్రవాహానికి అడ్డంగా నిలబడి ఉంది, దాని జీనుకు వేలాడే రికాబును ఆమె రెండు చేతులా పట్టుకుంది. దుంగ లేపి, తాడుతో పైకి లాగారు. ఒడ్డెక్కి వెనక్కి చూసేసరికి ఆ దుంగ నీళ్ళలో మునిగిపోయింది.

"మీకంత త్వరగా ఎలా తెలిసిందత్తయ్యా?" అంది కోడలు, ఇంట్లో దుప్పట్లో వణుకుతూ.

"ఒక్క కప్పే మోగింది తల్లీ. మునుపటిలా అన్నీ మోగుతూ ఉంటే ఈపాటికి వంకాయలు తరుగుతుండేదాన్ని," అని అత్త ఆమె తల తుడిచింది. తర్వాత కొట్టంలోకి వెళ్ళి, బెల్లం వీపు గడ్డితో రుద్ది, మూపు మీద మొహం ఆనించి, "నీ రుణం తీర్చుకోలేనే," అంది.

లోపలికొచ్చి పొయ్యి మీద టీకి నీళ్ళు పెట్టింది. స్టీలు గ్లాసులు తీయబోయి, ఆగింది. అర దగ్గరకు వెళ్ళి, మోగిన కప్పు ఒక్కటి వదిలి, మిగతా పింగాణీ కప్పులన్నీ దించింది. వడ్రంగికి, కుర్రాళ్ళకు, కోడలికి నిండా టీ పోసి వాటిల్లోనే ఇచ్చింది. ఆ కప్పుల్లో టీ తాగడం ఎవరికైనా అదే మొదలు.

"మీకేదీ పిన్నిగారూ?" అన్నాడు వడ్రంగి. "అరలో ఇంకొకటి ఉందిగా?"

"దాని పని దానికుంది," అని అత్త తను మాత్రం స్టీలు గ్లాసులోనే పోసుకుంది.