ఇబ్బంది లేదంట

పొయ్యి మీద సంగటి గెలుకుతున్న పద్మావతికి, వసారాలో కూర్చున్న మొగుడు జగదీశ్ ఫోనులో ప్రశ్నలు చదవడం, జవాబులు కూడా ఆయనే చెప్పుకోవడం వినిపిస్తోంది. ప్రశ్నలేమో ఆమె కీళ్ల గురించి.

"స్నానపు తొట్టిలోకి దిగి ఎక్కగలరా అంట. మనింట్లో తొట్టి యాడుంది? లేనిదానికి ఇబ్బందేముంది? ఇబ్బంది లేదు అని కొడ్తాండా."

ఆరు నెలలుగా ఆమె చేతివేళ్లు వాస్తున్నాయి. ప్రొద్దుటూరులో నొప్పి మాత్రలు మింగి మింగి కడుపులో మంట తప్ప ఒరిగిందేమీ లేదు. కడపలో కీళ్ల డాక్టరుకు చూపిద్దామంటే జగదీశ్ వాయిదా మీద వాయిదా వేసి, చివరికి ఈ యాప్ పట్టుకొచ్చాడు. జబ్బుందో లేదో అదే చెబుతుందట. ఉందంటే పోదాం, లేదంటే ఊరికే అంతదూరం తిరుగుడెందుకు అన్నాడు.

"తోటపని చేయగలరా? తోటే లేదు. ఇబ్బంది లేదు. కారు ఎక్కి దిగగలరా? రోజూ జమ్మలమడుగుకు బస్సులో పోతాంది, కారొక లెక్కా. ఇబ్బంది లేదు."

ఆ బస్సులో కమ్మీని పట్టుకోలేక మోచెయ్యి తగిలించి నిలబడే సంగతి ఆయనకు ఎన్నిసార్లు చెప్పిందో. ఆఫీసులో సూపరింటెండెంటు, "మేడమ్ టైపింగు ఈమధ్య నత్తనడక" అని అందరి ముందూ నవ్విన సంగతీ చెప్పింది. "పోనీలే, ఉద్యోగం తీసేయలేదు కదా" అన్నాడు. ఈ ప్రశ్నలు రాసిన మహానుభావుడు ఏ దేశంవాడో, సంగటి గెలకడమంటే ఏమిటో, తడి చీర పిండడమంటే ఏమిటో వాడికి తెలియకపోవచ్చు. రోజూ ఆ సంగటే తినే మనిషికి ఏమొచ్చింది? పద్మావతికి ఒళ్లు మండిపోయింది.

"మీ రక్తసంబంధీకుల్లో ఎవరికైనా కీళ్లవాతం ఉందా? లేదు."

పద్మావతి చేతిలో తెడ్డు ఆగిపోయింది. పులివెందులలో ఉన్న ఆమె తల్లి పెద్దసుబ్బమ్మ వేళ్లు పదేళ్ల కిందటే పక్కకు వంకరపోయాయి. ఇప్పుడు అన్నం కూడా ఎవరో ఒకరు తినిపించాలి. ఆ పెద్దసుబ్బమ్మ జగదీశ్‌కు తోడబుట్టిన అక్క. సొంత మేనమామ అనే పద్మావతిని ఆయనకిచ్చి చేశారు. తల్లిలేని తమ్ముణ్ణి ఆ చేతులే పెంచాయి. తన చేతులు కూడా అట్లా కాకముందే డాక్టరు చూడాలన్నదే పద్మావతి భయమంతా.

"మామా, అమ్మ చేతులు గుర్తులేవా?"

"మా అక్కవి వయసు నొప్పులు లే. ఇదొక్కటే మిగిలింది. పొద్దున లేచినాక వేళ్లు ఎంతసేపు బిగుసుకుంటాయి అంట. నువ్వు ఆరింటికల్లా టీ చేతికిస్తాండావు. అస్సలు బిగుతు లేదు అని కొట్టినా. చూడు, వచ్చేసింది. కీళ్లవాతం అవకాశం తక్కువ, విశ్రాంతి తీసుకోండి. సంగటైందా?"

ఆమె పొయ్యి ఆపి బయటికొచ్చి ఫోను తీసుకుంది. 'వివరాలు ఇచ్చినవారు: రోగి' అని ఉంది. కోపంతో పాటు తన మీద తనకే అసహ్యం కూడా వేసింది. ఈ ఇంట్లో ఆరింటికి టీ ఆలస్యం కాకూడదని ఆ బిగుతును ఇన్నాళ్లూ దాచిపెట్టింది తానే కదా. నొప్పని చెప్పింది గానీ, ఒక్క పనైనా ఆపి చూపించలేదు.

"ఆరింటికి టీ ఇయ్యాలని నేను నాలుగున్నరకు లేస్తాండా మామా. గంటకు పైగా ఉడుకునీళ్లలో చేతులు పెట్టుకుంటేగానీ వేళ్లు మడవడానికి రావు."

"నాకు తెలీదే."

"నువ్వు నిద్రలో ఉంటావు."

జగదీశ్ ఆమె వేళ్ల వైపు చూసి, చూపు తిప్పుకున్నాడు.

"రేపు సెలవు పెడతా," అందామె. "కడపకు నేనే పోతా, యాప్ ఏం చెప్పినా సరే. పొద్దున నువ్వు లేచినప్పుడే నేనూ లేస్తా. బస్సుకు పోయేదాకా పక్కన కూర్చొని నా చేతులు చూడు."

ఆమె తన ఫోను తీసి నాలుగున్నర అలారం చెరిపేసింది.

"మరి టీ?" అన్నాడు.

"ఇద్దరికీ పెట్టు. నాకు గిన్నె ఎత్తడానికి చేతకాదు," అంది పద్మావతి, పెళ్లయిన ఇన్నేళ్లలో మొదటిసారి.