గంగమ్మ పేర రాసిన పడవలు

చిట్టెమ్మ మావగారు లోవయ్యకి ఒకటే లోపం. ఆయన జన్మలో ఎప్పుడూ తప్పు చేయలేదు.

గాలివాటు చూసుకోకుండా ఇల్లు కట్టాడు. కప్పు ఎగిరిపోతే అది గాలి తప్పు. పులుసులో రెండుసార్లు ఉప్పు వేశాడు. అది ఉప్పు తప్పు, మొదటిసారి వేసింది వేసినట్టు కనబడకుండా కరిగిపోయింది. కొడుకు నూకయ్యకి పిల్లని చూడ్డానికి వెళ్ళి, వెళ్ళాల్సిన ఇంటికి బదులు పక్కింట్లో దూరి చిట్టెమ్మని ఖాయం చేసుకొచ్చాడు. అసలు సంగతి బయటపడ్డ రోజున కూడా, “ఆళ్ళిల్లే ఇటు జరిగుంటాది” అన్నాడు. ఆ పొరపాటు వల్లే తనకి ఈ ఇంట్లో కంచం దొరికింది గనక, దాని మీద మాత్రం చిట్టెమ్మ ఫిర్యాదు చేయదు.

ఇంటివరకూ అయితే నవ్వుకుని ఊరుకోవచ్చు. కానీ లోవయ్య ముత్తేలపాలెం కులపెద్ద. రేవులో ఉన్న పన్నెండు పడవల్లో ఎనిమిది ఆయన చేతుల్తో చేసినవే. ఆయన ఔనంటే పాలెం అంతా ఔను.

ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట లేచి నాలుగేళ్ళయింది. నేలని కొలిచి శిస్తు కట్టడం పూర్తయ్యాక దొరతనం కళ్ళు నీళ్ళ మీద పడ్డాయి. ఆ ఏడు తీర్థానికి జనాన్ని ఎక్కించుకెళ్తూ ఒక పడవ గోదారి పాయ వైనతేయలో బోల్తా పడింది. ముప్ఫైమంది పోయారు. అది పెద్ద భూస్వామి బంగారరాజు పడవ. ధాన్యం మోసేది. బస్తాలు సర్దినట్టే జనాన్ని సర్దించాడు. మూడురోజులు నీళ్ళలో వెతికి శవాల్ని ఒడ్డుకి లాగింది ముత్తేలపాలెం వాళ్ళు. బోల్తా పడింది రాజుగారి పడవ, కట్టుబాట్లు వచ్చింది మాత్రం పల్లెవాళ్ళ పడవలకి.

అమలాపురం కచేరీ నించి గుమాస్తా కృష్ణమూర్తి వచ్చాడు. ఒక గొడుగు, ఇద్దరు బంట్రోతులు, కాగితాల కట్ట. రేవులో నిలబడి చదివాడు. ప్రతి పడవకీ నంబరు వెయ్యాలి. పన్నెండుమందికి మించి ఎక్కించకూడదు. పట్టా లేని పడవ జనాన్ని దాటించకూడదు. ఇదంతా ప్రయాణికుల క్షేమం కోసం.

చిట్టెమ్మకి ఇందులో ఏమీ తప్పు కనబడలేదు. శవాల్ని మోసిన చేతులకి కట్టుబాటు చేదుగా ఎందుకుంటుంది?

“ఈ పడవలు ఎవరివి?” అని అడిగాడు గుమాస్తా.

పాలెంలో ఎవరూ పడవని ‘నాది’ అనరు. చేసినవాడూ అనడు, నడిపేవాడూ అనడు. కొత్త పడవని నీట్లోకి దించేటప్పుడు ముందు భాగానికి పసుపు రాసి, “తల్లీ, ఇది నీది, మేం నీ కూలోళ్ళం” అని దణ్ణం పెడతారు. ‘నాది’ అని నోరు జారినవాడి పడవని గంగమ్మ తీసేసుకుంటుందని తాతలనాటి భయం.

లోవయ్య తలగుడ్డ తీసి చంకలో పెట్టుకున్నాడు. “గంగమ్మ తల్లివండి.”

“అన్నీనా?”

“ఆయ్. అన్నీనండి.”

“మీవి కావా?”

“ఎంత మాటండి! మాయెలాగవుతాయండీ?”

గుమాస్తా కలం ఆగింది. తలెత్తి లోవయ్యని చూశాడు. ఇంకేమైనా చెబుతాడేమోనని ఒక్క క్షణం ఆగి, రాసేశాడు. లోవయ్య దర్జాగా తెడ్డు గుర్తు గీసి నిశానీ పెట్టాడు.

ఇంటికొచ్చాక చిట్టెమ్మ అంది: “మావా, గుమాస్తాగారి కలం ఆగిందయ్యా. నువ్వేదో అనకూడనిది అన్నావు.”

“సిరా అయిపోయుంటాది. కూడెట్టు.”

నెల తిరక్కుండా టముకు వేశారు. కచేరీలో రేవు వేలంపాట జరిగింది. బంగారరాజు పాడుకున్నాడు. సొంతదారులు లేని పన్నెండు పడవలూ సర్కారువై, రేవుతో పాటు ఆయన చేతికి వచ్చాయి. ముప్ఫైమందిని ముంచినవాడి చేతిలో ప్రయాణికుల క్షేమం పెట్టి సర్కారు నిశ్చింతగా ఉంది.

నూకయ్య నడిపే పడవకి అయిదో నంబరు పడింది. పండగ పండక్కీ చిట్టెమ్మ పసుపు రాసి బొట్టు పెట్టే చోటే సున్నంతో రాశారు. కుప్పలు నూర్చినప్పుడు ఇంటికి చేటెడు ధాన్యం పెట్టి ఏడాదంతా దాటే ఊళ్ళవాళ్ళు ఇప్పుడు ఎక్కిన ప్రతిసారీ డబ్బు పెట్టాలి. రాజుగారి మనిషి దొరబాబు రేవులో మంచం వేసుకుని కూర్చున్నాడు. గుమాస్తా ఉన్న రోజు పడవకి పన్నెండుమంది. లేని రోజు పాతిక. నిన్నటిదాకా తండ్రి చేసిన పడవని నడిపినవాడు ఇవాళ అదే పడవలో కూలివాడు.

పదిమంది కలిసి కచేరీకి వెళ్ళారు. కృష్ణమూర్తి చెడ్డవాడు కాదు. చెడ్డవాడు కాకపోవడం వల్ల వాళ్ళకి ఒరిగిందేమీ లేదు, అది వేరే సంగతి. “ఒక్కటే దారి. ఒక్కొక్కడూ వచ్చి ప్రమాణం చేసి, ఈ పడవ నాది అని నోటితో చెప్పాలి. అర్జీ నేను రాస్తాను. నెల గడువు” అన్నాడు.

ఆ సాయంత్రం వలలు ఆరేసే చోట పాలెమంతా కూచుంది.

“ఒక్క మాటే కదా, అనేద్దాం” అన్నాడు నూకయ్య.

“నువ్వను ముందు” అన్నారు పక్కవాళ్ళు.

నూకయ్య నోరు తెరిచాడు. తండ్రి మొహం చూశాడు. మూసుకున్నాడు.

“నలభయ్యేళ్ళు నీళ్ళ మీద బతికేను” అన్నాడు లోవయ్య. “కాగితం కోసం తల్లితో అబద్ధవాడమంటారా? నేను చెప్పింది నిజం. నిజం చెప్పినోడిదా తప్పు, రాసుకున్నోడిదా?”

“రాసుకున్నోడిదే మావా” అంది చిట్టెమ్మ. “కానీ కూడు పోయింది మనకి.”

“ఆడోళ్ళకేం తెలుసు?”

“గుమాస్తా కలం ఆగడం తెలుసు.”

జనం నవ్వారు. నవ్వి, లేచి ఇళ్ళకి పోయారు. గడువు రోజులన్నీ అలాగే గడిచాయి. ఇవాళ ఒకడు బయల్దేరతాడు, రేవు దాకా వచ్చి ఏటికేసి చూసి వెనక్కి తిరుగుతాడు. రేపు ఇంకొకడు. పన్నెండుమంది మగాళ్ళు, ఒక్క మాట. ఆఖరి రోజు కూడా వెళ్ళిపోయింది.

తర్వాత వారం, పట్టపగలు, మంత్రసాని అప్పాయమ్మ రేవుకి పరుగున వచ్చింది. అవతలి ఒడ్డున కుమ్మరోళ్ళ కోడలు సుందరమ్మ నొప్పులు పడుతోంది. మంత్రసాని దగ్గర పడవవాళ్ళు ఎప్పుడూ ఏమీ పుచ్చుకోరు. అప్పాయమ్మ అలవాటుగా వచ్చి అయిదో నంబరు పడవలో కూచుంది.

“డబ్బులు” అన్నాడు దొరబాబు.

“పురుడు పొయ్యడానికెళ్తన్నాను బాబూ. వచ్చేటప్పుడు ఇత్తాను.”

“దిగు.”

దిగలేదు. జబ్బ పట్టుకుని లాగాడు. ముసలామె బురదలో మోకాళ్ళ మీద పడింది. చిట్టెమ్మ చేపలగంప దించి పరిగెత్తేసరికి దొరబాబు నూకయ్యతో అంటున్నాడు: “నెట్టు. ఈవిణ్ణి ఎక్కించేవంటే రేపట్నించి రేవులో కనబడకు.”

నూకయ్య చేతిలో గెడ ఉంది. భార్యని చూశాడు. బురదలో ఉన్న అప్పాయమ్మని చూశాడు. గెడ దించి పడవ నెట్టాడు.

చిట్టెమ్మ మెడలో పుస్తెలతాడు తీసి ఇద్దామంటే అది పసుపుతాడే. ఇంటింటికీ తిరిగి చిల్లర పోగుచేసి తెచ్చేసరికి ఆ పడవ అవతల ఉంది. పాతికమంది నిండితే గానీ ఏ పడవా కదలకూడదని దొరబాబు హుకుం. అవతలి ఒడ్డు నించి, “ఓ పడవా! ఓ పడవా!” అని కేకలు. మూడుసార్లు పిలిస్తే వరదలో కూడా వెళ్ళి తీరాలన్నది పాలెం కట్టుబాటు. ఆ రోజు ఎన్నిసార్లు పిలిచారో ఎవరూ లెక్కపెట్టలేదు. తర్వాత పిలవడం మానేశారు.

తల్లీ బిడ్డా ఇద్దరూ పోయారు.

నూకయ్య అన్నం ముట్టలేదు. “నేనే నెట్టుకుపోయేనే. నా చేతుల్తో నెట్టుకుపోయేను” అంటూ అరచేతులకేసి చూసుకుంటూ కూచున్నాడు. చిట్టెమ్మ కంచం మీద మూత పెట్టింది. తిట్టడానికి మనసు రాలేదు.

వలలు ఆరేసే చోట మళ్ళీ జనం. ఈసారి కూర్చున్నవాడు లేడు.

“దొరబాబు కాళ్ళిరగ్గొడదాం!”

“రేపు ఇంకో దొరబాబు వస్తాడు.”

“కచేరీకెళ్దాం.”

“గడువైపోయిందంటారు.”

“అయితే ఊరొదిలి పోదాం.”

“పడవల్లేకుండా ఎక్కడికి పోతావురా?”

చిట్టెమ్మ కొంగు బిగించింది. “మా మావ చెప్పిందాన్లో తప్పులేదు. పడవలు గంగమ్మవి. సర్కారు కాగితంలో కూడా అలాగే ఉంది. మరి రాజుగారి కాడ ఎందుకున్నాయి? అమ్మయి అమ్మకే ఇచ్చేద్దాం.”

కాసేపు ఎవరికీ అర్థం కాలేదు. ఏటా ఎండలు ముదిరినప్పుడు చెక్క పగలకుండా పడవల్లో ఇసక నింపి నీళ్ళలో ముంచి ఉంచడం వాళ్ళకి అలవాటే. అలవాటే గనక, అర్థమైనప్పుడు అందరికీ ఒక్కసారే అర్థమైంది. ఒక ముసలావిడ ఏడుపు మొదలెట్టింది. లోవయ్య కాదనడానికి నోరు తెరిచాడు. తన మాటే తనకి అడ్డొచ్చింది.

సంత రోజు. మిట్టమధ్యాహ్నం. ముత్తేలపాలెం ఆడా మగా తట్టలతో ఇసక మోసుకుంటూ రేవులోకి దిగారు. దొరబాబు మంచం మీద లేచి కూచున్నాడు.

“ఏంటే అది?”

“సరుకండి” అంది చిట్టెమ్మ.

“ఎంత?”

“ఎంతైతేనేవండీ? మనుషులైతే పన్నెండుమందన్నారు. ఇసకకి లెక్క రాయలేదు కదండీ!”

రాజుగారి సరుకేమోనని దొరబాబు కాసేపు ఆలోచించాడు. ఆ కాసేపట్లో మొదటి పడవ అంచుదాకా దిగింది. రెండోది. మూడోది. అరుచుకుంటూ దొరబాబు రాజుగారి ఇంటివైపు పరిగెత్తాడు. అవతలి ఒడ్డున కుమ్మరోళ్ళు, సంత జనం నిలబడిపోయి చూస్తున్నారు. ఒక్కో పడవ మునిగినప్పుడల్లా ఇవతల ఎవరో ఒకరు వెక్కారు. బిడ్డకి నీళ్ళుపోసినంత జాగ్రత్తగా ముంచారు.

పదకొండు మునిగాయి. అయిదో నంబరులో లోవయ్య కూచున్నాడు.

“లే మావా.”

“ఇది నా మొదటి...” అన్నాడు. అక్కడితో ఆపేశాడు. ‘పడవ’ అంటే తనదని ఒప్పుకున్నట్టే.

చిట్టెమ్మ మొదటి తట్ట ఆయన కాళ్ళ దగ్గరే పోసింది. ఆయన లేవలేదు. పోస్తున్న కొద్దీ పడవ దిగింది. అడుగు నేలకి తగిలేసరికి ఆయన నడుం లోతు నీళ్ళలో ఇంకా అందులోనే కూచుని ఉన్నాడు.

బంగారరాజు గుర్రం మీద వచ్చాడు. వెనకాల గుమాస్తా, బంట్రోతులు. ఇసక తట్టతో వాళ్ళ కంటబడ్డ మొదటి మగాడు నూకయ్య. మోకులతో కట్టేశారు. ఎదురెళ్ళిన ఇద్దర్ని కర్రలతో కొట్టారు.

“సర్కారు సొత్తు ముంచేరు. నాలుగేళ్ళు రాళ్ళు కొట్టాలి” అన్నాడు రాజు.

కృష్ణమూర్తి కాగితం విప్పాడు. “సొంత పడవ ముంచుకున్నవాడికి శిక్ష లేదు” అన్నాడు మెల్లిగా, ఎవరితోనూ కాదన్నట్టు. “సర్కారుది ముంచినవాడికి ఉంది.” ఏట్లోకి చూశాడు. “పెద్దాయనా, మళ్ళీ అడుగుతున్నాను. నువ్వు కూచున్న ఆ పడవ ఎవరిది?”

కలం ఆగి ఉంది. ఈసారి లోవయ్య కూడా దాన్ని చూశాడు.

కొడుకు చేతులకి మోకులు. మోకాళ్ళకి ఇంకా కట్టు విప్పని అప్పాయమ్మ. తట్ట పట్టుకున్న కోడలు. లోవయ్య లేచి నిలబడ్డాడు. ఒంటి మీంచి నీళ్ళు కారుతున్నాయి.

“నాదండి.”

పాలెం మొత్తం ఏటికేసి చూసింది. ఏరు అంతకుముందు ఎలా పోతోందో అలాగే పోతోంది.

రాజు పగలబడి నవ్వాడు. “గడువైపోయాక గుర్తొచ్చిందిరా ముసలాడికి!”

“రాయడానికి వీల్లేదు” అన్నాడు గుమాస్తా, రాజుకేసి చూసి తల దించుకుని. “చెయ్యగలిగింది లేదు.”

“రాయకపోతే పోనీండి” అన్నాడు ఇంకొక పడవవాడు. నీళ్ళలోకి నడిచి తను ముంచిన పడవ పక్కన నిలబడ్డాడు. “ఇది నాది.” మరొకడు దిగాడు. “అది నాది.” మూడోవాడు నీళ్ళలో చేయి పెట్టి పడవ అంచు పట్టుకుని ఏడ్చాడు. ఆడవాళ్ళూ దిగారు. అవతలి ఒడ్డు నించి కుమ్మరోళ్ళు ఏదో కేక వేశారు. గాలి ఎదురు, మాట అందలేదు.

బంట్రోతులు తెచ్చిన మోకు ఇద్దరికే సరిపోయింది. నూకయ్య చేతులకి చుట్టగా మిగిలిన దాంతో లోవయ్యని కట్టారు. అందరికీ తెలుసు, రేపు రాజు వేరే రేవు నించి పడవలు తెప్పిస్తాడు, పాలెంలో కూడు ఉండదు, వీళ్ళిద్దరూ ఎప్పుడు తిరిగొస్తారో ఎవరూ చెప్పలేరు.

గట్టెక్కుతూ కోడలి దగ్గర లోవయ్య ఆగాడు. బంట్రోతు నెట్టాడు. అయినా కదల్లేదు.

“కలం ఆగిందన్నావు కదమ్మాయ్” అన్నాడు. తర్వాత తల తిప్పి, నీళ్ళలో నిలబడ్డ పాలెమంతటికీ వినబడేలా, నలభయ్యేళ్ళుగా అవతలి ఒడ్డుని పిలిచిన గొంతుతో అరిచాడు:

“రాసుకున్నా, రాసుకోకపోయినా ఇనండి. పడవా నాదే. ఆ యేళ కాదన్న తప్పూ నాదే.”