వెయ్యి కార్డుల కర్టెన్లాయన

కర్టెన్లాయనకి వెయ్యి విజిటింగ్ కార్డులు అంటగట్టింది ఎవరో కాదు, స్వయానా బావమరిదే. అతనికి ప్రింటింగ్ ప్రెస్సుంది. అది చాలదన్నట్టు ప్రతి శనివారం సాయంత్రం ఒక హాలు అద్దెకి తీసుకుని "పరిచయాల సంఘం" అని ఒకటి నడుపుతాడు. సంఘంలో చేరాలంటే కార్డులుండాలి. కార్డులు కావాలంటే ప్రెస్సు ఉండనే ఉంది. ఇంత తెలివి పెళ్ళిచూపుల నాడు ఎక్కడ దాచాడా అని కర్టెన్లాయన చాలాసార్లు ఆశ్చర్యపోయాడు.

"బావా, మనిషి మొహం మర్చిపోతారు గానీ కార్డు మర్చిపోరు" అంటూ బావమరిది అట్టపెట్టె తెచ్చి బల్ల మీద పెట్టాడు. బంగారు అంచు, దళసరి అట్ట. పేరు కింద ఉబ్బెత్తు అక్షరాలతో "వ్యవస్థాపకులు" అని కూడా వేశాడు. వ్యవస్థ అంటే రెండు కుట్టుమిషన్లూ, ఒక నిచ్చెనా, ఒక భార్యాను. కత్తిరింపూ కుట్టూ ఆవిడవి. కిటికీ కొలతలు తీసి, రాడ్లు బిగించి, కుచ్చిళ్ళు సర్దడం ఈయన పని.

కొట్టు సంగతి మాత్రం కార్డంత నిగనిగలాడటం లేదు. ఊళ్ళో ఎవరో రెడీమేడ్ కర్టెన్ల షోరూము తెరిచాక రెండు నెలల నుంచీ ఒక మిషను మీద గుడ్డ కప్పే ఉంటోంది. భార్య తెగేసి చెప్పింది.

"చూడండీ, కొత్త హోటల్లో నూట ఇరవై కిటికీలట. ఆ పని వచ్చిందా, మన కొట్టు మనకుంటుంది. రాలేదా, మంగళవారం నుంచి నేను యూనిఫారాల ఫ్యాక్టరీకి పోతా. సూపర్‌వైజరు అంతవరకే ఆగుతానన్నాడు."

పెళ్ళికి ముందు నాలుగేళ్ళు ఆవిడ ఆ ఫ్యాక్టరీలోనే చేసింది. పొద్దస్తమానం కాలర్లే. చొక్కా మొత్తం ఎలా ఉంటుందో చూసే భాగ్యం కూడా కలగలేదు. అప్పుడు పట్టుకున్న మెడనొప్పి ఇప్పటికీ వదల్లేదు. మళ్ళీ అక్కడికి వెళ్ళాలంటే ఆవిడకి ఏడుపొస్తుంది, ఆవిడ ఏడిస్తే ఈయనకీ కళ్ళమ్మట నీళ్ళొస్తాయి.

ఆ శనివారం హోటలు మేనేజరమ్మ సంఘానికి వస్తోందని తెలిసి, భార్య మూడు రోజులు కూర్చుని ఒక నమూనా కర్టెన్ కుట్టింది. బావమరిదేమో ఉపదేశం మొదలెట్టాడు.

"బావా, లోపలికెళ్ళిన మూడు నిమిషాల్లో పది కార్డులు పోవాలి. రెండు చేతులతో ఇవ్వాలి, కళ్ళలోకి చూడాలి. మన కార్డులు కుడి జేబులో, వాళ్ళిచ్చినవి ఎడమ జేబులో. రెండూ కలిశాయంటే కొంప మునిగినట్టే!"

బాగానే ఉంది. కానీ కర్టెన్లాయన వేసుకెళ్ళింది అద్దె కోటు. దానికి ఎడమవైపు జేబు లేదు, జేబున్నట్టు ఒక పట్టీ ఉందంతే. హాల్లోకి వెళ్ళాక గానీ ఆ సంగతి తెలియలేదు. ఏం చేస్తాడు పాపం, ఇచ్చేవీ పుచ్చుకున్నవీ అన్నీ కుడి జేబులోనే కుక్కాడు.

ఇక ఆ హాలు చూడాలి. నీళ్ళ ఫిల్టర్లాయన, చెదలమందాయన, బీమా ఆయన, పళ్ళ డాక్టరు, సోఫాలాయన, ఇంకో వందమంది. అందరూ అమ్మేవాళ్ళే, కొనేవాడు మందుకి కూడా లేడు. ఒకడు కార్డిస్తుంటే రెండోవాడు ఎప్పుడాపుతాడా అని తన కార్డు పట్టుకుని నిలబడ్డాడు. చదివినవాడు ఒక్కడు లేడు. బీమా ఆయన కర్టెన్లాయనకే మూడుసార్లు ఇచ్చాడు, మూడుసార్లూ "మొదటిసారి కలుస్తున్నాం" అన్నాడు. మన ఆయన మాత్రం తక్కువ తిన్నాడా? టీలు పోసే మనిషికిచ్చాడు, మైకు సర్దే మనిషికిచ్చాడు, స్తంభం పక్కన కునుకు తీస్తున్న ముసలాయన ఒళ్ళో కూడా ఒకటి పెట్టాడు.

చివరికి మేనేజరమ్మ దొరికింది. ఈయనిచ్చిన కార్డు వంక ఆవిడ కన్నెత్తి కూడా చూడలేదు. ఈయన సంచిలోంచి తీసిన కర్టెన్ అందుకుని, అంచు తిరగేసి, కుట్టు మీద వేలు పెట్టి చూసింది.

"ఎంత శుభ్రంగా ఉందండీ! ఇలాంటి కుట్టు కోసమే వెతుకుతున్నాను. సోమవారం పదింటికి రండి, మాట్లాడుకుందాం. గేటు దగ్గర ఊరికే పంపరు, రోజుకి యాభైమంది వస్తున్నారు. ఇది చూపించండి."

తన కార్డు వెనక "సోమవారం పదింటికి పైకి పంపండి" అని రాసి సంతకం చేసి ఇచ్చింది. కర్టెన్లాయన ఉబ్బితబ్బిబ్బయి దాన్ని భద్రంగా జేబులో పెట్టుకున్నాడు.

ఆ నిమిషంలో ఇంటికి పోతే ఈ గొడవే లేదు. కానీ బావమరిది గంట కొట్టి, "చివరి ఐదు నిమిషాలు! ఎవరి జేబులోనూ కార్డు మిగలకూడదు!" అని అరిచాడు. అంతే, మన ఆయనకి పూనకం వచ్చింది. జేబులోంచి తీయడం, చేతిలో పెట్టడం, కళ్ళలోకి చూడటం. కార్డు వంక చూడమని మాత్రం బావమరిది చెప్పలేదు మరి.

ఇంటికొచ్చి జేబు బోర్లిస్తే నూటపన్నెండు కార్డులు రాలాయి. హోటలుది లేదు. కర్టెన్లాయన కోటు మొత్తం తిరగేసి దులిపాడు. భార్య "ఏమన్నారండీ?" అనడిగితే "సోమవారం రమ్మన్నారు" అని మాత్రం చెప్పాడు. ఆవిడ మొహం వెలిగిపోయింది. అది చూసి అసలు సంగతి చెప్పడానికి ఆయనకి నోరు రాలేదు.

ఆదివారమంతా పెరట్లో నిలబడి, హోటలు కార్డు పొరపాటున మీకిచ్చానా అని ఒక్కొక్కరికీ ఫోన్లు చేశాడు. పాపం, ప్రతివాడూ బేరమొచ్చిందని ఎగిరి గంతేసి ఎత్తాడు. సంగతి వినగానే నీరుగారిపోయాడు. పళ్ళ డాక్టరైతే ఎలాగూ ఫోన్ చేశారు కదా, పళ్ళు చూపించుకోమన్నాడు. సోఫాలతో పాటు కర్టెన్లు కూడా కుట్టించే సోఫాలాయన ఒక్కడే ఫోన్ ఎత్తలేదు.

సోమవారం తొమ్మిదిన్నరకే హోటలు గేటు ముందు నిలబడి బతిమాలుకున్నాడు. కాపలాదారు చెయ్యి అడ్డం పెట్టాడు. "మేడం రాసిచ్చిన కార్డుంటేనే లోపలికి." కర్టెన్లాయన తన బంగారు అంచు కార్డు తీసిచ్చాడు. అతను అటూ ఇటూ తిప్పి చూసి, బల్ల కాలు ఊగుతుంటే దాని కింద పెట్టుకున్నాడు.

సరిగ్గా పదింటికి సోఫాలాయన స్కూటరు మీద వచ్చాడు. కార్డు చూపించాడు, గేటు తెరుచుకుంది. "అన్నగారూ! మీకు పని ఎక్కువై నన్ను పంపారు కదూ? ఎంత పెద్ద మనసండీ మీది!" అంటూ, జవాబు కోసం ఆగకుండా లోపలికి పోయాడు. నిజంగా అలా అనుకున్నాడో, నటించాడో ఆ పరమాత్ముడికే తెలియాలి.

మధ్యాహ్నం రెండింటికి మేనేజరమ్మ కారు బయటికొచ్చింది. కర్టెన్లాయన పరుగున ఎదురెళ్ళాడు. ఆవిడ అద్దం దించి, "ఖాళీ లేదని మీరే మీ మనిషిని పంపారటగా. సంతకాలు కూడా అయిపోయాయండీ" అంది. ఈయన నోరు తెరిచేలోగా అద్దం పైకి లేచింది.

ఆ సాయంత్రం భార్యకి మొత్తం చెప్పేశాడు. ఆవిడ అరుస్తుందనుకున్నాడు, అరవలేదు. లేచి రెండో మిషను మీద కూడా గుడ్డ కప్పింది. మర్నాడు పొద్దున్న ఆరింటికల్లా ఫ్యాక్టరీకి వెళ్ళిపోయింది.

మళ్ళీ శనివారం. రానంటే రానన్నాడు కర్టెన్లాయన. బావమరిది వదలకుండా లాక్కొచ్చి వేదిక ఎక్కించాడు. "ఈ నెల అతిపెద్ద సిఫార్సు! నూట ఇరవై కిటికీలు! తన చేతిలోకొచ్చిన పని తోటి సభ్యుడికి ఇచ్చేసిన మహానుభావుడు మా బావ!" అని ప్రశంసాపత్రం చేతిలో పెట్టాడు. ముందు వరసలో సోఫాలాయన నిలబడి మరీ చప్పట్లు కొట్టాడు. మైకు కర్టెన్లాయన మూతి దగ్గరికొచ్చింది.

ఆయనకి ఒళ్ళు మండిపోయింది.

"నేనెవరికీ సిఫార్సు చెయ్యలేదు. పొరపాటున ఇచ్చాను. ఆ కర్టెన్ కుట్టింది మా ఆవిడ. ఆ పని పోయింది కాబట్టి మా ఆవిడ ఫ్యాక్టరీలో కాలర్లు కుడుతోంది. మెడ పట్టేసి రాత్రిళ్ళు నిద్ర కూడా పోవడం లేదు. నా వల్లే!"

అంతలో బీమా ఆయన "శభాష్! ఇదీ నిజాయితీ అంటే!" అని లేచాడు. ఇంకేముంది, హాలంతా చప్పట్లే.

కిందికి దిగగానే నలుగురైదుగురు చుట్టుముట్టారు. ఓదారుస్తారు కాబోలనుకున్నాడు. చెదలమందాయన చెయ్యి పట్టుకుని, ఆ ఫ్యాక్టరీలో కొనుగోళ్ళు ఎవరు చూస్తారని అడిగాడు. అతన్ని తప్పించుకుని తలుపు దాకా వచ్చేసరికి బావమరిది అడ్డుపడ్డాడు. మొహం పాలిపోయి ఉంది.

"బావా, అక్క నిజంగానే చేరిపోయిందా? నాకొక్క మాటైనా చెప్పలేదే!"

సొంత అక్క కదా, రక్తం ఊరుకుంటుందా అనుకున్నాడు కర్టెన్లాయన. ఈ వారం రోజుల్లో మొదటిసారి ఆయన గుండె కాస్త తేలికపడింది.

బావమరిది గొంతు తగ్గించాడు. "అంత పెద్ద ఫ్యాక్టరీ అంటే ఎంత లేదన్నా నలభైమంది ఆఫీసర్లుంటారు కదా. అందరికీ కార్డులు కావాలిగా. అక్కని ఓ మాట అడిగి చూడమను."

కర్టెన్లాయన బావమరిదిని ఎగాదిగా చూశాడు. "ఆరింటికి ఫ్యాక్టరీ వదులుతారు. నేను అక్కడికే వెళ్తున్నా. నువ్వే వచ్చి, మీ అక్క మొహం చూసి అడుగు."

బావమరిది గడియారం చూసుకున్నాడు. "చివరి ఐదు నిమిషాల గంట కొట్టాలి బావా. నువ్వు పద, నేను వెనకాలే వస్తా."

ఆరింటికి గేటు తెరిచారు. తలనిండా నూలు పోగులతో, మెడ ఒకవైపుకి వాల్చుకుని ఆవిడ బయటికొచ్చింది. గేటు దగ్గర కర్టెన్లాయన ఒక్కడే ఉన్నాడు.