పది నంబరు బూట్లు, అరిగిన పెడళ్ళు

శుక్రవారం నమాజు అయ్యాక ఈ అరబ్బు దేశంలో, బనియాస్‌లోని నా సైకిల్ దుకాణం ముందు నిలబడేవాళ్ళలో సగం మందికి రిపేరు అక్కర్లేదు, మాట్లాడే మనిషి కావాలి. తొమ్మిదేళ్ళుగా అందరి గోడూ విని విసిగిపోయాను. ఈ ఖాదర్ హుస్సేన్ నవ్వితే వీధి చివరికి వినపడుతుందని మా నెల్లూరులో అనేవాళ్ళు. ఇక్కడికొచ్చాక నవ్వడానికీ ఓపిక చాలడం లేదు.

ఎనభై రెండులో ఒక శుక్రవారం భోజన్న వచ్చాడు. మఫ్రఖ్‌లోని కూలీల క్యాంపు నుంచి నా దుకాణం దాకా, ఆ ఎండలో, సైకిల్ ఎక్కకుండా తోసుకుంటూ వచ్చాడు. మనిషికి నలభై అయిదు దాటి ఉంటాయి. రెండు మోచేతులకూ పచ్చి దెబ్బలు.

"టైరు పోయిందా అన్నా?" అన్నాను.

"టైరు మంచిగనే ఉన్నది భాయ్. నాకే తొక్కరాదు."

తొక్కడం రానివాడికి సైకిలెందుకని విసుక్కున్నాను. అది కంపెనీదట. బల్ల మీద కూలబడి, మంచినీళ్ళు తాగి, సంగతి చెప్పాడు. ఊరు జగిత్యాల దగ్గర. అక్కడ తాడిచెట్లెక్కి కల్లు గీసేవాడు. ఎత్తంటే భయం లేదు కాబట్టి ఆరేళ్ళ కిందట వచ్చినప్పుడు కట్టడాల మీద పరంజాలు కట్టే స్కఫోల్డింగ్ పనికి పెట్టారు. ఇప్పుడు మోకాలు పాడై ఎక్కలేకపోతున్నాడు. ముదీర్, అంటే మేనేజరు, కాస్త జాలిపడి వేరే పని చూపించాడు. ఎడారిలో నీళ్ళ పైపు వెంట పోయి వాల్వులు చూసి రావాలి. రానూపోనూ పన్నెండు కిలోమీటర్లు, సైకిల్ మీద.

"వచ్చే గురువారం ముదీర్ ముంగట తొక్కాలె భాయ్. మూడో వాల్వు దాంక పోయి, కాలు కింద వెట్టకుంట మర్లి రావాలె. రాకపోతే ఖలాస్. టికెట్ చేతుల వెట్టి ఇంటికి తోలుతడు."

"ఎన్నిసార్లు పడ్డావు?"

"ఎక్కినప్పుడల్లా పడ్డ. కాలు జారుతది."

సైకిల్‌ని స్టాండు మీద నిలబెట్టి ఎక్కి తొక్కమన్నాను. పెడల్ రబ్బరు అరిగి నున్నగా అయింది. దాని మీద కంపెనీ ఇచ్చిన ఇనపముక్కు బూట్లు. పెడల్ ఒకవైపు తిరిగింది, బూటు ఇంకోవైపు తిరిగింది, లోపల కాలు తన దారిన తాను పోయింది.

"ఎంత నంబరు ఇవి?"

"పది."

"నీ కాలు ఏడు దాటదు గదన్నా!"

చొక్కా జేబులోంచి మడతపెట్టిన కాగితం తీశాడు. పెన్సిల్‌తో చుట్టూ గీసిన ఒక పెద్ద పాదం. "మా తమ్మునిది. జాబుల పంపిండు. అందుకే స్టోర్ల పది నంబరు అడిగి తీస్కున్న. నా పాతయి తెగేదాంక ఇవి డబ్బలనే ఉండె."

నాకు ఒళ్ళు మండింది. అయినా ఎవరినని తిట్టను? ఆ క్యాంపుల్లో ప్రతి మంచం కిందా ఒక అట్టపెట్టె ఉంటుంది. కంపెనీ ఇచ్చే బూట్లూ చొక్కాలూ ఊళ్ళో వాళ్ళ కొలతకు అడిగి తీసుకుని అందులో దాస్తారు. తమవి చిరిగిన రోజు వేరే దారి లేక వాటినే తొడుక్కుంటారు. నేను కూడా అలా దాచినవాణ్ణే.

"తమ్ముడి బూట్లు నిన్ను ఇంటికి పంపించేటట్టుండాయి, చూసుకో!" అని అరిచాను.

బూట్లు విప్పి, ముక్కు మీద పడిన గీతల్ని బొటనవేలితో రుద్దుతూ కూర్చున్నాడు.

రెండు రకాల పెడళ్ళు ముందు పెట్టాను. ఒకటి దళసరి రబ్బరుది, ఇంకోటి పళ్ళున్న ఇనపది. రబ్బరుదాన్ని వేలితో నొక్కి చూసి, "ఇది మెత్తగున్నది, ఇదే ఎయ్యి" అన్నాడు.

"మెత్తదనంతో పనేముందన్నా? ఇసక పడితే రబ్బరు జారుద్ది. ఈ పళ్ళయితే అడుగుని కరిచి పట్టుకుంటాయి. పిక్కకి తగిల్తే గీసుకుంటది, ఓర్చుకో."

"బూట్లే వద్దు భాయ్. తాటిసెట్టు ఒట్టి కాళ్ళతోనే ఎక్కిన."

"ఈ ఎండలో ఇనుము మీద ఒట్టి కాలు పెట్టి చూడు, తెలుస్తది!"

పక్క దుకాణం సనావుల్లా దగ్గర ఏడు నంబరు కాన్వాసు బూట్లు తెప్పించాను. చూసి మొహం చిన్నబుచ్చుకున్నాడు. "పోరగాండ్లు బడికి ఏస్కపోయేటియి గద ఇవి."

"అడుగు పల్చగా ఉంటది. కాలి కింద పెడల్ ఉందో లేదో నీకు తెలియాల. అంత బరువు బూట్లలో ఏం తెలుస్తది?"

ధర అడక్కుండానే తొడుక్కున్నాడు. పాత పెడళ్ళు ఊడదీసి పళ్ళవి బిగించాను. దుకాణం వెనక ఖాళీ స్థలంలో సీటు పట్టుకుని తొక్కించాను. చెట్టెక్కే అలవాటు కదా, పెడల్‌ని పాదం మధ్య గుంటలో ఇరికించి పట్టుకుంటున్నాడు. కాదు, వేళ్ళ కింద కండతో తొక్కమన్నాను. పడ్డాడు. తిట్టాను. మళ్ళీ ఎక్కాడు. పొద్దు వాలే వేళకు సీటు వదిలేశాను, స్థలం ఈ చివర నుంచి ఆ చివరకు ఒక్కడే పోయాడు.

చప్పట్లు కొట్టాను. ఎన్నాళ్ళకో నాకు నిజంగా సంతోషం వేసింది. భోజన్న మాత్రం దిగి, నవ్వకుండా, "అచ్చింది" అన్నాడు. అలసిపోయాడనుకున్నాను.

మరుసటి శుక్రవారం సైకిల్ తొక్కుకుంటూ వచ్చాడు.

"ఏమైందన్నా?"

"పాసయిన."

"మబ్రూక్! నే చెప్పలా?"

బల్ల మీద కూర్చుని బూట్లు విప్పి పాదాలు నొక్కుకున్నాడు. "వీసా ఇంకో రెండేండ్లు పెంచిండ్రు. ముదీర్ సంతకం వెట్టిండు."

"మరి ఆ ఏడుపు మొహమేంది?"

"పడ్డప్పుడు దెబ్బ తాకుతుండె భాయ్. గని లోపల సంబురమైతుండె. సైకిల్ రాక తోలేసిండ్రంటే ఇంట్ల ఎవ్వలేమంటరు? మా ఇంటామె కిష్టవ్వ సుత ఒక్క మాట అనదు. ఇగ నేను ఏం సాకు జెప్పి ఇంటికి వోవాలె?"

ఒక మనిషిని కాపాడానని వారమంతా మురిసిపోయాను. నీకు పోవాలని ఉందా, ఉండాలని ఉందా అని ఒక్కసారైనా అడగలేదు. బీడీ వెలిగించి ఇచ్చాను, తీసుకుని వేళ్ళ మధ్యే ఉంచుకున్నాడు.

"ఒక్కపారి వస్తే సైకిల్ మరిచిపోరంటరు," అన్నాడు. "నిజమేనా భాయ్?"

అబద్ధం చెబుదామనుకున్నాను. నోరు రాలేదు.

"నిజమే అన్నా," అన్నాను.