అన్నగారి తరఫున

చుట్టాలొచ్చేలోపు హాల్లో ఫొటో అద్దం తుడవాలి. అది మా అత్తగారి ఆజ్ఞ. టీవీలో దేవుడి వాక్యం చెప్పే అన్నగారు అందులో నవ్వుతుంటారు. పక్కన నేను, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడి ఉంటాను. "మా ఆవిడ అన్నగారి దగ్గరే పనిచేస్తుంది" అని మా ఆయన వచ్చినవాళ్లందరికీ చూపిస్తాడు. నేను చేసే పనేమిటో మాత్రం ఇంతవరకు అడగలేదు. గొంతు పోయి ఇంటికొస్తే, "ఊళ్లోవాళ్లతో గంటలు గంటలు మాట్లాడతావు, ఇంట్లో నోరు పెగలదేం?" అంటాడు. ఇంట్లో నా నోటితో ఎవరికి పని? అంట్లకీ, బట్టలకీ, అత్తగారి మందులకీ చేతులు చాలు.

నా పని ఫోన్లో ప్రార్థన. కష్టాల్లో ఉన్నవాళ్లు ఆఫీసుకి ఫోన్ చేస్తారు. మేము విని, ప్రార్థించి, చివర "అన్నగారు స్వయంగా మీకోసం ప్రార్థిస్తున్నారు" అనాలి. అది రూలు. ఆయన వాళ్ల పేర్లు కూడా వినరు. ఎవరికైనా మేలు జరిగితే మాత్రం వేదిక మీద చప్పట్లు ఆయనకే.

నాకు పని నేర్పింది పక్క కుర్చీలోని పెద్దక్క. ఫోన్ పెట్టేశాక కూడా కళ్లు మూసుకుని అలాగే ఉండేది. "లైను కట్టయిందక్కా" అని వేళాకోళం చేసేదాన్ని. "ఆమెతో కట్టయింది, దేవుడితో కాలేదులే" అనేది.

పోయిన వారం ఒక తల్లి, "నిజంగా అన్నగారే చేస్తారా?" అని గుచ్చి గుచ్చి అడిగితే, పెద్దక్క "లేదమ్మా, నేనే చేస్తాను" అనేసింది. అది విన్న మేనేజరు సాయంత్రం అందరి ముందూ ఆమెను నిలబెట్టి, "ఈవిడ ఎలాంటిదో నువ్వు చెప్పు" అన్నాడు నాతో. ఇంత నిజమైన మనిషిని నేను చూడలేదని చెప్పాలి. నోరు తెరిస్తే నా ఉద్యోగం పోతుంది. "నాకు తెలియదండీ" అన్నాను. పెద్దక్క సంచీ భుజాన వేసుకుని, వెళ్తూ వెళ్తూ నా తల మీద చెయ్యి పెట్టింది. తిట్టినా బాగుండేది. ఏసుప్రభువుని ఎరగనని బొంకిన శిష్యుడికి తప్పు గుర్తుచేయడానికి కోడైనా కూసింది. నేను ఇంటికొచ్చి అంట్లు తోముకున్నాను.

"మంచిపని చేశావు. పెద్దవాళ్లతో మనకెందుకు?" అన్నాడు మా ఆయన. ఇందులో పెద్దవాళ్లెవరని అడగాలనిపించింది. "అయితే ఆవిడ కుర్చీ నీకిస్తారా?" అని అత్తగారు ఆశగా అడిగారు.

ఇచ్చారు. ఇవాళ పొద్దున అందులో కూర్చుని మొదటి ఫోన్ ఎత్తాను. ఒకావిడ, కూతురిని ఆపరేషన్‌కి తీసుకెళ్తున్నారట. "అన్నగారు నా బిడ్డ కోసం ప్రార్థిస్తారా?" అంది ఏడుస్తూ. మేనేజరు నా వెనకే పచార్లు చేస్తున్నాడు. ఉద్యోగం పోతే ఇంట్లో ఎన్ని మాటలు పడాలో నాకు తెలుసు. పెద్దక్కను వెనక్కి తేలేననీ తెలుసు. ఆ రోజు అనాల్సిన మాట ఇప్పుడన్నా ఆమెకు వినపడదు.

"అన్నగారికి మీ సంగతి తెలియదమ్మా" అన్నాను. వెనక అడుగులు ఆగాయి. "నేనున్నాను. పాప పేరు చెప్పండి."