దెయ్యం వేషం ఝాన్సీకే

ఏ పునీతుడి పండుగ వచ్చినా సరే, అనూరాధ టీచరుగారి మేడలో హాలు దేవుడుండే మోక్షంగా మారిపోతుంది. సోఫాలు గోడకు జరుపుతారు, పట్టుచీర ఒకటి తెరగా కడతారు, పిల్లలకు వేషాలు వేస్తారు. విచారణలోని, అంటే ఆ గుడి కిందికి వచ్చే ఇళ్ళలోని పిల్లలకు పునీతుల జీవితాలు ఇంట్లోనే, ఆటలాగా ఒంటబట్టాలని టీచరుగారు మొదలుపెట్టిన ఆచారం అది. ఫాదరుగారు గుళ్ళో అందరి ముందూ మెచ్చుకున్నారు కూడా. మెచ్చుకోరా మరి? గుడికి కొత్త గంట చేయించింది టీచరుగారి భర్త, కాంట్రాక్టరు డేవిడ్‌రాజు.

ఆ మోక్షంలోకి ఎవరు ఏ వేషంలో రావాలో నిర్ణయించేది దేవుడు కాదు, టీచరుగారు. ఏప్రిల్‌లో పునీత జార్జివారి పండుగ. గుర్రం మీద జార్జివారు టీచరుగారి అబ్బాయి పాల్. బల్లెం పోటుకు చచ్చే ఘటసర్పం ఝాన్సీ. ఆగస్టులో యోహానుగారి తల తీసిన రోజు. యోహానుగారు పాల్, కత్తి పట్టిన తలారి ఝాన్సీ. ఏ పండుగయినా సరే, పునీతుడు పాలే. ఝాన్సీ ఆ పునీతుడి కాళ్ళ కిందో, ఆయన చేత చీవాట్లు తింటూనో ఉంటుంది. కారణం వెతకనక్కర్లేదు. పాల్ తెల్లగా ఉంటాడు. ఝాన్సీ నల్లగా ఉంటుంది.

వేషాలన్నీ కుట్టేది ఝాన్సీ తల్లి గ్లోరీ. అరసవల్లి రోడ్డు వెనక సందులో, అద్దె గదిలో, కిటికీ పక్కన ఆమె మిషను. మొగుడు ప్రదీప్ ఆటో తోలుతాడు. ఆదివారం సూర్యదేవుడి గుడికి జనం విరగబడతారు కాబట్టి, బేరాలు వదులుకుని ఫాదరుగారి ఆదివారం పూజకు వాడు రాడు. వాడి బదులు కూడా గ్లోరీయే ప్రార్థన చేస్తుంది. టీచరుగారి బడి యూనిఫారాలు టీచరుగారి చలవతోనే గ్లోరీ మిషను మీదికి వస్తాయి. అందుకే ఘటసర్పానికి తోక కుట్టమంటే కుట్టింది, తలారికి నల్ల ముసుగు కుట్టమంటే కుట్టింది. కొలతలు తన కూతురివే అయినా నోరు విప్పలేదు.

సెప్టెంబరు చివర్లో మిఖాయేలు అతిదూత పండుగ. గ్లోరీ వెండిరంగు గుడ్డతో రెక్కలు కుడుతోంది. ఝాన్సీ పక్కన నిలబడి చూస్తోంది.

"అమ్మా, రెక్కలెవులికి?"

"పాల్‌కే. మిఖాయేలు సమ్మనసు కదేటి."

"ఆ సిన్న రెక్కలో?"

"బేంకోరి పిల్లలకి. వెనకాల నిలబడే సమ్మనసులు."

"మరి నాకో?"

గ్లోరీ కాలు మిషను మీద ఆగిపోయింది. సంచిలో నల్లగుడ్డ ఉంది, దానికి తోక ఉంది, కొమ్ములున్నాయి. మిఖాయేలు కాళ్ళ కింద సైతాను ఉండాలి కదా!

ఝాన్సీ ఏడవలేదు. పెద్దమనిషిలా అంది: "మొదటి సత్ప్రసాదం తీసుకునే పిల్లల్లో ఫాదరుగారికి నా పేరిచ్చినావు కదా. ఆ పేరు కొట్టించీ అమ్మా. దెయ్యానికి తెల్ల గౌనేటి? నవ్వుతారు."

"ఎవులన్నారే అలగ?"

"ఎవులూ అన్లేదు. నాకు తెలుసు. నువ్వే కదా తోకలు కుడతావు."

గడప మీద కూర్చుని మెత్తళ్ళ చేపల తలలు తుంచుతున్న గ్లోరీ అత్త కూర్మమ్మ తలెత్తింది. ఆవిడకు జ్ఞానస్నానంలో రోజమ్మ అని పెట్టారు గాని, పెట్టిన ఫాదరు తప్ప ఇంకెవరూ అలా పిలిచిన పాపాన పోలేదు.

"ఒసే గ్లోరీ! ఆ టీచరమ్మని అడగలేవేటే? నోట్లో గుండుసూదులెట్టుకుని కూకున్నావా?"

గ్లోరీ వెళ్ళి అడిగింది. టీచరుగారు నవ్వింది. జాలిపడేవాళ్ళ నవ్వు.

"నువ్వు కూడా ఇలా ఆలోచిస్తావనుకోలేదమ్మా. దేవుడి ముందు అందరూ ఒకటే. వేషమన్నాక రూపం చూసుకోవాలి కదా? ఝాన్సీకి అది అచ్చంగా కుదిరిపోతుంది. రంగు కూడా పూయక్కర్లేదు!"

ఈ మాట ఆవిడ మెచ్చుకోలుగానే అంది. అదే అసలు రోగం.

"ఒక్కపాలి టీచరుగారూ. ఆకర్న నిలబెట్టినా సాలు. గుడ్డ నాదే, రెక్కలు నానే కుట్టుకుంటాను."

"చూద్దాంలే."

చూద్దాంలే అంటే లేదని. గ్లోరీకి ఆ మాత్రం తెలుసు. తెలిసి కూడా పండుగనాడు కూతురికి నల్లగుడ్డ తొడిగింది. యూనిఫారాల గుడ్డ వచ్చేది ఆ పై నెలలోనే మరి.

హాలు నిండా తల్లులు, పట్టుచీరలు, ఫోన్లు. తెర తీశారు. వెండి రెక్కలతో, అట్ట కత్తితో పాల్. వెనక బ్యాంకు వాళ్ళ పిల్లలు. కింద నేల మీద వెల్లకిలా ఝాన్సీ. టీచరుగారు ఫోను పట్టుకుని మోకాళ్ళ మీద కూర్చుంది. ప్రార్థనకు కాదు, ఫొటోకు.

"పాల్, కాలు గుండె మీద పెట్టు నాన్నా. అలా కాదు, నొక్కి పెట్టు. ఝాన్సీ, ముఖం వికారంగా పెట్టాలమ్మా. ఇంకా. ఇంకా."

పాల్ కిందికి చూశాడు. "మమ్మీ, ఇది దెయ్యంలా లేదు. ఏడుస్తోంది."

ఆ హాలులో నిజం చెప్పినవాడు వాడొక్కడే.

"అలాగే బాగుందిరా, కదలకు!" అంది టీచరుగారు, ఫోను ఇంకాస్త దగ్గరకు పెట్టి.

గ్లోరీ జనాన్ని తోసుకుంటూ వెళ్ళింది. పాల్‌ని చంకల కింద పట్టుకుని ఎత్తి పక్కన దించింది. "నీ తప్పేటీ లేదు బాబూ." కూతుర్ని లేపి గౌను మీది నల్లగుడ్డ విప్పేసింది. కొమ్ములతో సహా తెచ్చి టీచరుగారి ఒళ్ళో పడేసింది.

"ఇంకెవులికైనా తొడగండి. ఈ ఇంట్లో దెయ్యాలకి కరువేటి?"

డేవిడ్‌రాజు లేచాడు. "ఏయ్! ఏటా మాట? దేవుడి దగ్గర, పండుగపూట!"

"దేవుడి దగ్గరెక్కడ బాబూ? ఇది మీ హాలు" అని గ్లోరీ కూతురి రెక్క పట్టుకుని మెట్లు దిగింది.

ఇంక చూడాలి విచారణ నాలుకల విన్యాసం. గ్లోరీకి పొగరన్నారు. గ్లోరీ గుడి మారి బాప్టిస్టుల్లో కలిసిపోతోందన్నారు. పిల్ల గుండె మీద కాలు పెట్టించినప్పుడు కిక్కురుమనని నోళ్ళు అవి. యూనిఫారాల గుడ్డ రాలేదు. ప్రదీప్ అన్నం ముందు కూర్చుని గొణిగాడు.

"నాలుగు ఫొటోలే కదే. ఓర్సుకుంటే పోయేది."

"నువ్వు పడుకోరా" అంది కూర్మమ్మ కొడుకుతో. "నానెక్కి తొక్కుతాను. ఎంతసేపోర్సుకుంటావో సూద్దుము."

ప్రదీప్ మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

అక్టోబరు ఆఖర్లో టీచరుగారే సందులోకి వచ్చింది. చేతిలో యూనిఫారాల గుడ్డ సంచి. ఫాదరుగారు పిలిచి ఓ మాట అన్నారట. సంచి మిషను మీద పెట్టి, కుర్చీ తుడుచుకుని కూర్చుంది.

"నాకు ఇన్నాళ్ళూ తట్టనేలేదు గ్లోరీ. నవంబరు మూడున మార్టిన్ దె పోరస్‌వారి పండుగ. ఆయన నల్లవాడు! నల్లవాడే గాని పునీతుడు! ఝాన్సీకి సరిగ్గా సరిపోతాడు. తెల్ల అంగీ వేద్దాం. చేతిలో చీపురు. మఠమంతా ఊడ్చేవారట పాపం, అంత వినయం." చెబుతుంటే టీచరుగారి కళ్ళు తడిశాయి. తన మంచితనం తనకే అంత ముచ్చటగా ఉంది.

గ్లోరీ మనసు ఒక్క క్షణం జారిన మాట నిజం. పునీతుడి వేషమే. తెల్ల అంగీయే. ఎదురుగా ఆ సంచి. ఒప్పేసుకుంటే పోయేదేముంది?

"మరి పాల్ ఏటవుతాడు?" అంది.

"పాల్ మఠం పెద్ద గురువు. కుర్చీలో కూర్చుంటాడు."

"నా గుంట ఆడి సుట్టూరా ఊడుస్తాదా?"

"అయ్యో, అందులోనే కదా ఆయన గొప్పతనమంతా ఉంది!"

"అంత గొప్పదయితే ఆ సీపురు పాల్‌కియ్యండి. నా గుంట కుర్సీలో కూకుంటాది."

"పాల్ ఊడవడమేటి?" అనేసింది టీచరుగారు.

అనేశాక ఇంక ఏ మాటతోనూ దాన్ని కప్పలేకపోయింది. చూసేవాళ్ళకు ఎలా ఉంటుందోనని ఒకసారి, పాల్‌కి దుమ్ము పడదని ఒకసారి మొదలుపెట్టి మధ్యలో ఆపేసింది. గడప మీద కూర్మమ్మ పక్కలు పట్టుకుని నవ్వింది.

గ్లోరీ సంచి తీసి టీచరుగారి చేతికిచ్చింది. "పట్టుకెళ్ళండి. నానే మార్టిన్ గారి కథ మా వీధి పిల్లలకి సెప్పుకుంటాను. ఆయన్ని సీపురిచ్చి నిలబెట్టినోళ్ళ పేర్లు కూడా సెప్తాను."

టీచరుగారు వెళ్ళిపోయింది. ఝాన్సీ తలుపు చాటున నిలబడి అంతా వింది. కాసేపటికి మిషను దగ్గరకు వచ్చింది.

"అమ్మా, నా పేరు కొట్టించీసినావేటి?"

"లేదు. కొట్టించను. రా, తెల్ల గౌనుకి కొలతలు తీస్తాను."

ఝాన్సీ నిలబడింది. టేపు భుజం మీదికి వచ్చేసరికి మెల్లగా అంది: "సేతులు పొడుగ్గా కుట్టమ్మా. మణికట్టు దాకా. కనబడకుండా."

 గ్లోరీ టేపు అక్కడే, భుజానికి కాస్త కిందే ఆపి, సుద్దముక్క అందుకుంది.

"కుట్టను. పొట్టి సేతులే" అంది.