మిచికో అనని మాట

"మూడక్షరాలు. చివరి అక్షరానికి పెదాలు మూసుకోవాల. ఏముందిమే?" హాల్లోంచి శ్రీకుమార్ కేక.

"'నిజమే' అని పెట్టండి" అన్నాను గ్రైండర్లోకి పిండి తోస్తూ.

జపాను బొమ్మల సీరియల్‌కి ఏడాదిగా, బొమ్మల పెదాల కదలికకి సరిపడేలా తెలుగు మాటలు రాస్తున్నది మా ఆయన. అంటే ఎక్కడ చిక్కుకుంటే అక్కడ నన్నడిగి రాసుకుంటున్నాడు. టైటిల్స్‌లో పేరు ఆయనది. పెళ్ళికి ముందు మద్రాసు కోడంబాక్కం స్టూడియోలకి మేమిద్దరం వేరువేరుగా డబ్బింగ్ మాటలు రాసేవాళ్ళం. నా పేజీలు ఓకే అయ్యేవి, ఆయనవి తిరిగొచ్చేవి. పెళ్ళయ్యాక అక్కడే చూలై పేటలో కాపురం పెట్టిన కొత్తలో అత్తగారు అన్నది: "ఇద్దురూ రాస్తా కూర్చుంటే ఎసరు ఎవురు పెట్టేదిమ్మా?" ఆయన ఏదో ఒకటి అంటాడని చూశాను. నవ్వి ఊరుకున్నాడు. ఆ రాత్రి ఏడుపు మింగి నేనే అన్నాను: "మీరు గెలిస్తే నేను గెలిచినట్టే."

ఇప్పుడు గొంతు మాత్రం ఇస్తున్నాను, ఆ సీరియల్లో మిచికోకి. మిచికో అంటే నాకు ప్రాణం. విలువిద్యలో హీరో టారోకి పోటీగా వచ్చిన పిల్ల. వాడి గురి తప్పితే ముఖం మీదే నవ్వేది. ఆ నవ్వు బస్సులో ప్రాక్టీసు చేస్తుంటే కండక్టరు అదోలా చూసేవాడు. రాను రాను మిచికో ఓడిపోవడం మొదలెట్టింది. టారోకి గురి నేర్పింది. వాడి బాణాలు మోసింది. చివరికి వాడికి అన్నం డబ్బా కట్టి "ఇది నా అదృష్టం" అంది. "ఇప్పుడే బాగుండాది, పొగరు దిగింది" అన్నాడు శ్రీకుమార్. నాకు ఒళ్ళు మండింది. జపాను వాళ్ళూ ఇంతేనా అని తిట్టుకున్నాను.

ఆఖరి ఎపిసోడ్ డబ్బింగ్. స్టూడియోలో మైకు ముందు నిలబడ్డాను. టారో గెలిచాడు. మిచికో విల్లు భుజాన వేసుకుని కొండదారిన వెళ్ళిపోతోంది, మనకి వీపే కనిపిస్తుంది. నా చేతిలో కాగితం: "టారో, నువ్వు గెలిస్తే నేను గెలిచినట్టే."

'మీరు' తీసి 'నువ్వు' పెట్టాడు, అంతే.

"ఆంటో, ఇక్కడ ఒరిజినల్ వినిపించు" అన్నాను. హెడ్‌ఫోన్లో గాలి, అడుగుల చప్పుడు. ఇంకేం లేదు.

"ఆమె ఏం మాట్లాడలే ప్రియక్కా" అన్నాడు రికార్డిస్టు ఆంటో. "వీపు తిరిగినాక లిప్ ప్రాబ్లం లేదు గదా, సార్ ఎక్స్‌ట్రా రాసినారు. ఆ డబ్బా సీన్లో అదృష్టం మాట కూడా సార్‌దే."

ఇన్నాళ్ళూ తొందర్లో ఒరిజినల్ వినడం మానేసి ఆయన కాగితాన్నే నమ్మాను. మిచికోని ఇంత మెత్తగా చేసింది సగం మా ఆయన, నా గొంతుతోనే. ఇంత మోసం నాకెవరూ చెయ్యలేదు.

అద్దం అవతల్నుంచి శ్రీకుమార్ మైకులో అన్నాడు: "చెప్పుమే, టైమైపోతా ఉంది."

"ఆమె ఏమీ అనలేదు."

"పిల్లకాయలకి అర్థం కావద్దా? నువ్వు చెప్పకుంటే ఇంకో ఆర్టిస్టు పరిమళని పిలిచి చెప్పిస్తా."

"పిలవండి. ఆ మాట ముందు ఎవరన్నారో, ఎందుకన్నారో కూడా ఆమెకి చెప్పండి."

ఆంటో తల దించుకున్నాడు. నేను హెడ్‌ఫోన్ తీసి స్టాండుకి తగిలించి, బ్యాగు భుజాన వేసుకున్నాను.

"ఏమ్మే, ఏడికి పోతా ఉండావు?"

వెనక్కి తిరగలేదు. నా వీపు చూసి ఏ మాట రాసుకుంటాడో రాసుకోనీ. నేను మాత్రం ఏమీ అనలేదు.